సంగటి కట్టె

గుట్టకిందపల్లె పాల కేంద్రంలో మిషను చచ్చిపోవడం అది మూడోసారి. మొదటిసారి చచ్చినప్పుడు ఊరంతా వచ్చి చూసింది. రెండోసారి సగం ఊరు వచ్చింది. మూడోసారి దాన్ని చూడ్డానికి కదిరి నుంచి హేమావతి ఒక్కతే వచ్చింది. ఆమెకు రాక తప్పదు మరి. ఆ మిషను కడుపులో ఉన్న చిన్న బోర్డును నడిపించే సాఫ్ట్‌వేరంతా ఆమె చేతి మీదుగా తయారైందే.

మిషనంటే మరీ పెద్దదేం కాదు, ఒక స్టీలు డబ్బా. దానికి ఒక పక్క తూకం పళ్ళెం, ఇంకో పక్క పాలలో వెన్న ఎంతుందో చూసే గొట్టం, పైన చిన్న తెర, కింద చీటీలు కొట్టే ప్రింటరు. పాలు పోసిన మనిషి పేరు, ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అన్నది గట్టిగా చదివి వినిపిస్తుంది కూడా. ఆ గొంతు హేమావతిదే. వేరే మనిషిని పిలిపించి చెప్పించడం ఎందుకని కంపెనీ యజమాని ఉదయ్ కుమార్ ఊళ్ళో పాలుపోసే వాళ్ళందరి పేర్లూ ఆమె చేతనే రికార్డు చేయించాడు. అన్ని పనులూ తెలిసిన మనిషి ఆఫీసులో ఒకరుంటే ఆ మనిషికి జరిగే మర్యాద అట్లాగే ఉంటుంది.

ఇంతకు ముందు రెండుసార్లూ ఆమె మధ్యాహ్నం పూట వచ్చింది. తలుపు తీయించుకుని, డబ్బా విప్పి, పాడైన మెమరీ కార్డు లాగేసి కొత్తది పెట్టి, వచ్చిన ఆటోలోనే తనకల్లుకు, అక్కడి నుంచి బస్సులో కదిరికి వెళ్ళిపోయింది. ఈసారి మాత్రం పొద్దున్నే, పాలు పోసే వేళకే రావాలని డెయిరీ సూపర్‌వైజరు హరినాథ్ పట్టుబట్టాడు. ఉదయ్ కుమార్ ఫోనులో ఇంకో మాట కూడా చెప్పాడు. అక్కడి ఆపరేటరు తిప్పమ్మ మిషనును పద్ధతిగా ఆపకుండా మెయిన్ స్విచ్చు దించేస్తోందని తేలింది. ఆమెకు నలుగురిలో నేర్పించి, ఇది ఆపరేటరు పొరపాటు అని హరినాథ్‌తో ఒక మాట అనేసి వస్తే కంపెనీ నెత్తిన ఏమీ ఉండదు.

హేమావతి వెళ్ళేసరికి కేంద్రం ముందు క్యాన్లు, తపేలాలు, బిందెలు వరుసలో ఉన్నాయి. వాటి వెనక ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని కూర్చున్నారు. తిప్పమ్మ మిషను ముందు నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి, సన్నగా, చురుగ్గా ఉంటుంది. కానీ ఆ పొద్దు తద్దినానికి వచ్చిన బంధువు మాదిరి చేతులు కట్టుకుని నిలబడింది. మిషను మీద కొత్తగా పెట్టిన కుంకుమ బొట్టు కనిపించింది. బతికి లేవమని మొక్కుకుందో, చంపినందుకు క్షమించమని మొక్కుకుందో హేమావతి అడగలేదు.

ఆమె డబ్బా విప్పింది. లోపల అరచేతి వెడల్పున్న ఆకుపచ్చ బోర్డు. ఇంజనీర్లు ప్రయత్నాలు చేసుకోవడానికి అమ్మే డెవలప్‌మెంట్ బోర్డు అది. సొంత బోర్డు చేయించుకునే తీరిక లేక కంపెనీ దాన్నే తీసుకొచ్చి డబ్బాల్లో కూర్చోబెట్టింది. హేమావతి మూడు సన్నటి వైర్లతో దాన్ని తన లాప్‌టాప్‌కు కలిపి కరెంటు ఇచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు గబగబా పరిగెత్తి, ఒకచోట ఠక్కున ఆగిపోయాయి. కార్డు మీద తన సొంత ఇల్లే తనకు కనబడడం లేదని బోర్డు చెబుతోంది. పోయిన రెండుసార్లూ ఇదే మాట చెప్పింది.

కొత్త కార్డు పెట్టగానే తెర వెలిగింది. దాని మీద కంపెనీ బొమ్మ, కొండ వెనక నుంచి నెమ్మదిగా పైకి లేచే సూర్యుడు. ఆ సూర్యుడు పూర్తిగా లేచేదాకా పని మొదలు కాదు. వరసలో మొదటిది తిరుపాలమ్మ, ఊళ్ళో అందరికన్నా నోరున్న మనిషి. తిప్పమ్మ ఆమె నంబరు నొక్కి పాలు తూచగానే మిషను ఆమె పేరు చదివింది. తిరుపాలమ్మ మిషనునూ హేమావతినీ మార్చి మార్చి చూసి, లోపల మాట్లాడే పాప నువ్వేనా అని అడిగింది. అవునంటే ఆడవాళ్ళంతా లేచి వచ్చి హేమావతిని కొత్త పెళ్ళికూతురిని చూసినట్టు చూశారు. ఒకామె మిషనును పక్కకు నెట్టి, తన పేరు నేరుగా నోటితోనే చెప్పమంది. హేమావతికి నవ్వాగలేదు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఏడెనిమిది మంది పోశాక ఒకామె చెయ్యి జారి పాలు బల్ల మీద ఒలికాయి. తిప్పమ్మ ఎవరూ చెప్పకుండానే చేతులు కొంగుకు తుడుచుకుంది. గోడకు కొట్టిన మేకు నుంచి ఒక సంగటి కట్టె తీసింది. కొన చీలి, రాగిసంగటి కెలకడానికి పనికిరాకుండా పోయిన పాత కట్టె అది. తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు ఇనుప పిడిని ఆ కట్టెతో ఒక్క నొక్కు నొక్కి కిందికి దించేసింది. మిషను ఆరిపోయింది. అప్పుడు తడిగుడ్డ పిండి బల్లంతా తుడిచి, పళ్ళెం ఎత్తి కింద తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి ఒత్తి, కట్టెతోనే పిడిని పైకి లేపి, కట్టెను మేకుకు తగిలించింది. ఆ చేతి వాటం చూస్తే పొద్దుకు నాలుగైదుసార్లు చేసే పని అని తెలుస్తూనే ఉంది.

సూర్యుడు మళ్ళీ నిదానంగా లేచాడు. ఆ తరువాత హేమావతి గొంతు, ఊరందరి ముందూ, ఇస్త్రీ చేసినట్టున్న తెలుగులో ఇలా అంది.

"మిషనును సరిగా ఆపలేదు. దయచేసి ఈసారైనా సరిగా ఆపండి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తిప్పమ్మ తల వంచుకుని పక్కామె క్యాను అందుకుంది. ఆ మాట రికార్డు చేసిన రోజు హేమావతికి బాగానే గుర్తుంది. ఈసారైనా అన్న మాట కొంచెం ఒత్తి పలకమని ఉదయ్ కుమార్ అడిగితే ఒత్తి పలికింది కూడా. తన గొంతు పొద్దూ సాయంత్రం నాలుగేసి సార్లు ఒక మనిషిని నలుగురిలో తిడుతోందని మాత్రం ఆమెకు ఇప్పుడే తెలిసింది.

హరినాథ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని ముందుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు, కానీ పై ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లకు బెదిరిపోయి ఉన్నాడు. మీ కళ్ళతోనే చూశారు కదా మేడమ్ అన్నాడు. ఇంకొక్కసారి ఈ మిషను పడుకుందంటే ఇక్కడి కేంద్రం ఎత్తేసి రోడ్డు మీది ఊళ్ళో కలిపేయమని పైనుంచి చెప్పారన్నాడు. అంటే తిప్పమ్మ పని పోయినట్టే. మిగతా వాళ్ళు ఎండిపోయిన ఏరు దాటి, రాళ్ళలో పడి, నెత్తిన క్యాను పెట్టుకుని పొద్దూ సాయంత్రం నడవాలి. ఒక్క ఆవు ఉన్న వాళ్ళు ఆ నడక పడలేక పాలు పోయడమే మానేస్తారు.

"కరెంటుండంగా తడిగుడ్డ పెడితే కొడతాది సారూ," అన్నాడు తలుపు బయట నుంచి తిప్పమ్మ మొగుడు నల్లప్ప. "పోయిన వానల్లో నేను ఈ పళ్ళెం మింద చెయ్యి పెడితే ఆ గోడకాడ పడినా. అప్పటి నుంచి మేమిట్లే దించుకుంటాండాము." మిషను ఉన్న గదిలోకి అతను ఇప్పటికీ అడుగు పెట్టడు. ఏం చెప్పాలన్నా గడప బయటే నిలబడి చెబుతాడు.

హరినాథ్ హేమావతి వైపు చూశాడు. ఏం చెప్పి రమ్మని పంపారో ఆ మాట హేమావతి నాలుక చివరే ఉంది, తేలిగ్గా బయటికి వచ్చేసింది. ఇది ఆపరేటరు పొరపాటేనంది. తిప్పమ్మను పిలిచి తెర మీద మూలనున్న ఎర్ర గుర్తు చూపించింది. దాన్ని నొక్కాలి, తెర పూర్తిగా నల్లబడేదాకా కాచుకోవాలి, ఆ తరువాతే మెయిన్ దించాలి. మళ్ళీ తెర వెలగాలంటే సూర్యుడు లేచేదాకా ఆగాలి. తిప్పమ్మ బడిపిల్ల మాదిరి ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పింది.

"మూడుసార్లూ నేనే చంపినానా పాపా?" అని అడిగింది చివరికి.

హేమావతి అవుననలేదు, కాదనలేదు. మెయిన్ దించకుండా చూసుకో అక్కా అని మాత్రం అంది.

ఆటో కోసం బయట నిలబడినప్పుడు కిటికీలోంచి లోపలికి చూసింది. ఎర్ర గుర్తు నొక్కి అంతసేపు కాచుకుంటే వరసలో వాళ్ళు ఊరుకోరు కదా. తిప్పమ్మ పాత గుడ్డపీలిక ఒకటి తెచ్చి మెయిన్ పిడికి రెండు చుట్లు చుట్టి ముడేసింది. చెయ్యి పొరపాటున కూడా అటు పోకుండా కాబోలు. పొడిగుడ్డతో బల్ల మీది పాలను అద్దుతూ, వేలిగోరుతో అంచులు గీకుతూ ఉంది. బల్ల కాలు వెంబడి చీమల బారు అప్పుడే బయలుదేరింది.

*

కదిరికి వచ్చాక హేమావతికి అన్నం సయించలేదు. సిగ్గేసింది. ఎవరో తిట్టినట్టు కాదు, తన గొంతు తనకే వినబడుతున్నట్టు సిగ్గేసింది.

కార్డు ఎందుకు చచ్చిపోతుందో ఆమెకు తెలియనిది కాదు. బోర్డు ఏదైనా రాయాలంటే వెంటనే కార్డు మీద రాయదు. కాసేపు మనసులో పెట్టుకుని, తీరిక దొరికాక అన్నీ కలిపి రాస్తుంది. సరిగ్గా ఆ రాసే క్షణంలో కరెంటు పోతే సగం రాత సగంలో తెగిపోతుంది. దాని పక్కనున్న మంచి రాత కూడా పాడవుతుంది. ఇందుకు విరుగుడు కూడా ఉంది, ఆ పనిలో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ ఆమె ఎందుకు చెయ్యలేదంటే, ఆమె ఉండే మేడ మీది గదికి ఇన్వర్టరుంది. ఇన్ని నెలలుగా ఆమె దగ్గరున్న బోర్డుకు ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. పోతుందన్న సంగతే గుర్తు రాలేదు. కిరోసిను బుడ్డి ముందు కూర్చుని పదో తరగతి చదివిన మనిషికి ఆ సంగతి గుర్తు రాకపోవడం కంటే వింత ఉంటుందా.

మర్నాడు పొద్దున్నే, పరీక్షలకని తన దగ్గరే ఉంచుకున్న ఇంకో స్టీలు డబ్బాను, తూకం పళ్ళెంతో సహా, కింద ఇంటావిడ సరళమ్మ వంటింట్లోకి మోసుకొచ్చింది. ఆ ఇంట్లో ఇన్వర్టరు లేని ప్లగ్గు ఒక్కటే ఉంది. అది మిక్సీ పక్కనుంది. ఏం చెయ్యాలని సరళమ్మ అడిగితే, ఏమీ వద్దు, మిక్సీ వేసుకున్నప్పుడల్లా పక్కనున్న ఈ స్విచ్చు కూడా ఆపి వెయ్యండి, చెప్పి చెయ్యకండి, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు చెయ్యండి అని చెప్పింది. సరళమ్మకు ఇంత సులువైన ఉద్యోగం జీవితంలో దొరకలేదు.

పైన గదిలో కంప్యూటరు, లోపలి ఫ్యాను రెక్కలు గిరగిర తిరుగుతుండగా, కొత్త లినక్సును కట్టడం మొదలుపెట్టింది. లినక్సంటే ఎవరైనా తీసుకోగలిగే పెద్ద సరుకుల కొట్టు లాంటిది. పాలు తూచే డబ్బాకు అందులో అన్నీ అక్కర్లేదు. కావలసినవి ఏరుకుని, ఒక్కొక్కదాన్ని మొదటి నుంచి కట్టి, అన్నింటినీ కలిపి ఒక్క కార్డులో పట్టేలా చెయ్యాలి. ఏ ముక్కను ఎలా కట్టాలో రాసిపెట్టే ఫైళ్ళను ఆ వృత్తిలో రెసిపీలు అంటారు. అది విని సరళమ్మ, పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి గానీ ఉడకని వంట ఏం వంటమ్మా అంది.

హేమావతి ముందు చేసిన పని, కార్డులో బోర్డు బతుకంతా ఉండే పెద్ద భాగానికి తాళం వెయ్యడం. ఇకమీదట దాన్ని చదవడమే కానీ దాని మీద రాయడం ఉండదు. రాత లేకపోతే తెగడమూ లేదు. పాల లెక్కలకు పక్కన చిన్న చోటు విడిగా ఇచ్చింది. తూచిన మరుక్షణం అక్కడ రాసెయ్యాలి, మనసులో పెట్టుకునే పని లేదు. అదీ రెండుచోట్ల రాయాలి. ఒకటి తెగితే రెండోది ఉంటుంది.

మొదటి కార్డు కిందికి తెచ్చి పెట్టింది. సరళమ్మ కొబ్బరి రుబ్బుకోబోతూ స్విచ్చు ఆపింది, వేసింది. బోర్డు బతికింది. ఆమె ఎంతో సంబరంగా ఖాళీ గిన్నె పళ్ళెం మీద పెడితే మిషను జాబితాలో మొదటిదైన తిరుపాలమ్మ పేరు చెప్పి, రెండు లీటర్ల పాలంది. తూకం సున్నా ఎక్కడుందో ఆ గుర్తు కూడా తాళం వేసిన భాగంలోనే ఉండిపోయిందన్నమాట. కరెంటు పోయినప్పుడల్లా తూకం తన సున్నాను మరిచిపోతోంది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, ఈ తిరుపాలమ్మ ఎవరమ్మా, ఆమె పాలు మీ ఇంట్లో ఎందుకున్నాయని ఆరా తీసింది. హేమావతి తల పట్టుకుని మేడెక్కింది. ఆ గుర్తును కూడా చిన్న చోటుకు మార్చి మళ్ళీ కట్టింది.

ఇక మిగిలింది సూర్యుడు. తిప్పమ్మ మెయిన్ లేపాక వరసంతా ఆ సూర్యుడి కోసం కాచుకుంటుంది. బ్లూటూత్ తీసేసింది, ఎవరూ వాడని ఇంకో పది సామాన్లు తీసేసింది. మిషను లేచే వేళ కొంత తగ్గింది. తక్కినదంతా ఆ కొండ, ఆ సూర్యుడే తినేస్తున్నాయి. వాటిని తీసేస్తానని ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేసింది.

ఆ సూర్యుడిని తన కూతురు రెండో తరగతిలో గీసిందని చిన్నబోయి చెప్పాడు. ఆ తరువాత అసలు సంగతి గుర్తొచ్చి, ఆపరేటరు పొరపాటని చెప్పి వచ్చాక మళ్ళీ ఈ మార్పులన్నీ ఎందుకన్నాడు.

"ఆమె తుడవకుంటే చీమలు పడతాయి సార్," అంది హేమావతి. "తుడవాలంటే మెయిన్ దించాల. దించితే మన బోర్డు చస్తాది. ఇందులో పొరపాటు యాడుండాదో మీరే చెప్పండి."

ఉదయ్ కుమార్ కార్డు మార్చి రావడానికి మాత్రం ఒప్పుకున్నాడు. కానీ తప్పు మనదని నోటితో అనవద్దన్నాడు. అలా అంటే ఈ డెయిరీకి ఇచ్చిన డబ్బాలన్నిటికీ మనమే కార్డులు మార్చాల్సి వస్తుంది. హరినాథ్ మన నెత్తెక్కి కూర్చుంటాడు. చేసేది చెయ్యి, మాట మాత్రం జారకు అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజంతా సరళమ్మ స్విచ్చు ఆపుతూనే ఉంది. పచ్చడి నూరడం అయిపోయినా ఆపింది. టీవీ చూస్తూ మధ్యలో లేచి వచ్చి ఆపింది. పాలు తూచేటప్పుడు, చీటీ సగం బయటికి వచ్చినప్పుడు, గొంతు పేరు చదువుతున్నప్పుడు, కనిపెట్టి కనిపెట్టి ఆపింది. బోర్డు ప్రతిసారీ లేచింది. ఇది చావదమ్మా అని ఆమె చివరికి చేతులెత్తేసింది. అప్పుడు హేమావతి వంటింటి తలుపు వేసుకుని, కుక్కరు కూత ఆగేదాకా ఉండి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక్క మాట కొత్తగా రికార్డు చేసింది. ఏమిటని సరళమ్మ తలుపు బయట నుంచి అడిగితే చెప్పలేదు.

*

గుట్టకిందపల్లెకు మళ్ళీ వెళ్ళిన పొద్దున, కేంద్రం గడప దగ్గరే పులిసిన పాల వాసన తగిలింది. బల్ల జిగటగా ఉంది. పళ్ళెం కింద చీమలు మూకుమ్మడిగా కాపురం పెట్టాయి. తిప్పమ్మ పొడిగుడ్డ పట్టుకుని వాటిని ఊదుతోంది. ఆమె మాట నిలబెట్టుకుంది, మెయిన్ దించలేదు. పిడికి గుడ్డపీలిక అలాగే ఉంది. తిరుపాలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, నీ మిషను బతికింది గానీ మేం చచ్చేట్టుండామని హేమావతితో అంది.

హరినాథ్ కూడా వచ్చాడు. హేమావతి డబ్బా విప్పి కార్డు మార్చింది. ఆ తరువాత నల్లప్పను తీసుకుని కేంద్రం వెనక్కి వెళ్ళింది. అక్కడ ఎర్తు కోసం తవ్విన గుంత ఉంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చారు కానీ, ఈ నేలలో తడి ఎక్కడిది, బండలా ఎండిపోయింది. షాక్ కొట్టడానికి సగం కారణం అదే. రోజూ ఒక చెంబెడు నీళ్ళు పొయ్యమంటే, క్యాన్లు కడిగిన నీళ్ళు చాలు గదా అని నల్లప్ప అప్పటికప్పుడే ఒక బకెట్టు తెచ్చి కుమ్మరించాడు. నీళ్ళు పోసినా తుడిచేటప్పుడు మెయిన్ దించాల్సిందే అన్నా అని హేమావతి చెప్పింది. నల్లప్ప ఆమెను అనుమానంగా చూశాడు.

లోపలికి వచ్చి తిరుపాలమ్మను పాలు పెట్టమంది. పాలు తూగుతుండగా తిప్పమ్మ వైపు తిరిగి, మెయిన్ దించు అక్కా అంది.

తిప్పమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను దించను పాపా. నువ్వే గదా దించొద్దంటివి."

హరినాథ్ నవ్వాడు. ఏం మేడమ్, అప్పుడొక మాట ఇప్పుడొక మాటా అన్నాడు. అతను వేళాకోళంగానే అన్నాడు కానీ వరసంతా ఇటే చూస్తోంది. హేమావతికి ఉదయ్ కుమార్ చెప్పిన మాట గుర్తుంది. కాస్త అటూ ఇటూ చేసి, కొత్త సౌకర్యం పెట్టామని చెప్పి దాటేయవచ్చు. ఎవరికీ నొప్పి ఉండదు, తిప్పమ్మకు తప్ప. జీవితమంతా మూడుసార్లు మిషను చంపిన మనిషిగా ఆమె మిగిలిపోతుంది.

"పొరపాటు అక్కది కాదు సార్," అంది. "నాది. కరెంటు పోతే చచ్చే మాదిరి చేసినాను నేను. ఈ ఊరికట్లా చెయ్యకూడదు."

"ఆ పొద్దు ఆమెదంటివే?" అన్నాడు హరినాథ్.

"అంటి. అది తప్పు. మీ డెయిరీలో మా డబ్బాలు ఎన్నుంటే అన్నిట్లోనూ నేనే వచ్చి కార్డు మారుస్తా."

హరినాథ్ హెల్మెట్‌ను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. తిప్పమ్మ చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. కానీ ఆమె ముఖంలో ఏదో సర్దుకుంది. నెమ్మదిగా వెళ్ళి పిడికి చుట్టిన గుడ్డ ముడి విప్పింది. మేకు నుంచి సంగటి కట్టె తీసి, తను పట్టుకోకుండా, తిన్నగా హరినాథ్ చేతికి అందించింది.

"మొదట మీరు దించండి సారూ. నేను దించినాక చస్తే మళ్ళా నా నెత్తినే ఏస్తారు."

వరసలో నవ్వులు లేచాయి. హరినాథ్‌కు తప్పలేదు. కట్టెను ఎటు పట్టుకోవాలో తెలియక ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తిరుపాలమ్మ, చీలిన పక్క నీ వైపుకు పెట్టుకో సారూ అని సలహా చెప్పింది. అతను కళ్ళు సగం మూసుకుని పిడిని నొక్కాడు. మిషను ఆరిపోయింది. లేపాడు. తెర వెలిగింది. తిరుపాలమ్మ ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసేలోపు మిషను ఆమె పేరు చెప్పి, మూడు లీటర్లంది.

సూర్యుడు యాడికి పోయినాడని ఎవరో అడిగారు. హేమావతి డబ్బా పక్కన అంటించిన కాగితం బొమ్మను చూపించింది. కొండ, సూర్యుడు, ఉదయ్ కుమార్ కూతురు గీసినవి, ఇప్పుడు ఎవరినీ కాచుకోమనకుండా అక్కడ హాయిగా ఉన్నాయి.

హరినాథ్ మళ్ళీ దించాడు. ఈసారి చీటీ సగం బయటికి వచ్చినప్పుడు దించాడు. లేపితే మిషను ఆ చీటీని మొదటి నుంచి కొట్టి ఇచ్చింది. గొంతు పేరు చెబుతుండగా దించాడు. నల్లప్ప గడప బయట నుంచి, ఇప్పుడు కాదు సారూ, ఇంకా కొంచెం ఆగి, ఆఁ ఇప్పుడు అని చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ ఎప్పుడు దాటాడో కానీ గడప దాటి లోపలికి వచ్చేశాడు. హరినాథ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. పై ఆఫీసు ఫోన్లన్నీ మరిచిపోయాడు. అతని ముఖం చూస్తే తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కిన మనిషి ముఖంలా ఉంది. ఎన్నిసార్లు దించినా మిషను లేచి కూర్చుని, ఆగిన చోటి నుంచే లెక్క చెప్పింది.

ఈ సందట్లోనే హేమావతి ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేసి, హరినాథ్‌తో తను ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన నిట్టూర్చాడు. హరినాథ్ ఏమంటున్నాడని భయంగా అడిగాడు. హేమావతి ఫోనును అటు తిప్పి పట్టుకుంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అన్న హరినాథ్ గొంతు ఆయనకు వినబడి ఉంటుంది. సరే, కార్డులు అన్నీ ఎప్పటికి అవుతాయో చూసుకో అన్నాడు. ఆ తరువాత, నా బిడ్డ సూర్యుడు ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడని చెప్పింది.

"చాల్లే సారూ, కట్టె ఇట్లియ్యి," అంది తిప్పమ్మ. "బల్ల తుడవాల."

హరినాథ్ ఇష్టం లేకుండానే ఇచ్చాడు. తిప్పమ్మ కట్టె అందుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్క నొక్కున మెయిన్ దించింది. బకెట్టులో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళ కసి అంతా ఆ చేతిలో ఉంది. బల్ల తుడిచింది, పళ్ళెం ఎత్తి కింద తుడిచింది, డబ్బా నాలుగు పక్కలా తుడిచింది. చీమలు దారి వెతుక్కుంటూ గోడెక్కాయి. బల్ల కాళ్ళు కూడా కిందిదాకా తుడిచి, గుడ్డ జాడించి, ఇంకోసారి తుడిచింది. వరసలో ఒక్కరూ తొందర పెట్టలేదు. చివరికి పొడిగుడ్డతో ఒత్తి, నడుము నిలబెట్టుకుని, కట్టెతో పిడిని పైకి లేపింది.

తెర వెలిగింది. హరినాథ్ దించినప్పుడల్లా సగంలో ఆగిన లెక్క చెప్పడానికే మిషనుకు సరిపోయింది, ఇప్పుడు ఆ లెక్కేమీ లేదు. తిప్పమ్మకు ఆ తరువాత వినబడేదేమిటో తెలుసు. అలవాటు ప్రకారం తల కొంచెం వంచుకుంది.

"బల్ల తుడుచుకుంటివా అక్కా?" అంది మిషను, హేమావతి గొంతుతో, ఇస్త్రీ లేని సొంత మాటతో. "మంచి పని చేస్తివి. ఇంక పాలు పొయ్యమను."

తిప్పమ్మ తల ఎత్తింది. మిషనును చూసింది, హేమావతిని చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటకో మరి దేనికో.

"ఈ మిషను వచ్చినప్పటి నుంచి ఇదొక్కటే మంచి మాట పలికింది," అంది తిప్పమ్మ. కట్టెను మేకుకు తగిలించబోయి, ఆగి, మిషను ఇంకోసారి ఆ మాట అంటుందో లేదో చూద్దామన్నట్టు, తుడవాల్సిందేమీ లేకపోయినా, మెయిన్ దించింది.